మదీనాలో ఒంటరిగా ఒక వారం: హడావుడి లేకుండా ఎలా?

#1 విజయవాడ_టీచర్

అస్సలాము అలైకుమ్. సంక్రాంతి సెలవుల్లో మదీనా వెళ్దామని ఉంది, ఒక్కదాన్నే. ఉమ్రా (మక్కా యాత్ర) కొన్నేళ్ల కిందట ఇంటిల్లిపాదీ గ్రూపులో చేసొచ్చాం. అప్పటి మదీనాలో నాకు గుర్తున్నదల్లా బస్సు హారను, "జల్దీ, జల్దీ" అని గైడు కేకలు. ఉహుద్ కొండ దగ్గర దిగి దుఆ (ప్రార్థన) మొదలుపెట్టేలోపే ఎక్కమన్నారు. ఖర్జూరం తోట చూపిస్తామని చెప్పి ఒక షాపు ముందు ఆపారు, అక్కడ మాత్రం గంటకి పైగా కూర్చోబెట్టారు.

ఈసారి తాయిఫ్, బద్ర్ లాంటి వేరే ఊళ్లేమీ వద్దు. మదీనాలోనే వారం. ఐదు పూటలా మస్జిదె నబవీ (ప్రవక్త మస్జిద్)లో నమాజు, మధ్యలో ఊరికే కూర్చోవడం, కాసింత నడక. ఇంట్లోవాళ్లేమో "వారం రోజులు ఒక్కదానివే ఏం చేస్తావ్, తోచొద్దూ?" అంటున్నారు. ఏడాది పొడవునా పిల్లల అరుపుల మధ్య పాఠం చెప్పేదానికి తోచకపోవడం కూడా ఒక సుఖమే అని వాళ్లకి ఎలా చెప్పను.

వయసు యాభైకి దగ్గర. మోకాళ్లు పరవాలేదు గానీ మెట్లు ఎక్కువైతే మొరాయిస్తాయి. మాది నూర్‌బాషా కుటుంబం, ఇంట్లో తెలుగే. ఉర్దూ అర్థమవుతుంది, నేను మాట్లాడితే మాత్రం అవతలివాళ్లు నవ్వుకుంటారు. అరబీ ఖురాన్ చదవడం వరకే. వీసా ఏది తీసుకోవాలి, హోటల్ ఎటువైపు ఉంటే మంచిది, రౌజా (మస్జిద్‌లో ప్రవక్త సమాధి పక్కనున్న పవిత్ర చోటు) పర్మిట్ ఒంటరి ఆడవాళ్లకి ఎలా, రోజు ఎలా గడుపుకోవచ్చు, వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

#2 జిద్దా_అకౌంటెంట్

వ అలైకుమ్ అస్సలామ్ అక్కా. ముందు వీసా సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

మహ్రమ్ (తోడు రావాల్సిన దగ్గరి మగ బంధువు) గురించి బెంగ వద్దు. ఉమ్రాకి వచ్చే ఆడవాళ్లకి మహ్రమ్ తప్పనిసరి కాదని సౌదీ హజ్ మంత్రి 2022 అక్టోబర్‌లోనే చెప్పారు. ఉమ్రా వీసా మీద అక్కడ ఉండే గడువు కూడా 30 నుంచి 90 రోజులకి పెంచారు, దాని మీద ఏ ఊరికైనా తిరగొచ్చు. కాకపోతే ఈమధ్య ఉమ్రా వీసాకి హోటల్, రవాణా బుకింగులు ముందే సిస్టంలో ఎక్కించాలి. అంటే ఏజెంట్ చెప్పిన హోటలే దిక్కవుతుంది చాలాసార్లు. పైగా ఉమ్రా వీసా మీద వచ్చి ఉమ్రా చేయకుండా వెనక్కి పోవడం నా మనసుకైతే ఒప్పదు. మదీనా ఒక్కటే అనుకుంటే టూరిస్ట్ వీసా మేలు. అమెరికా, బ్రిటన్, షెంగెన్ వీసా వాడినది చెల్లుబాటులో ఉంటే ఆన్‌లైన్లో ఈ-వీసా దొరుకుతుంది. లేకపోతే తషీర్ (సౌదీ వీసా) సెంటర్‌కి వెళ్లి వేలిముద్రలు ఇచ్చి తీసుకోవాలి. టూరిస్ట్ వీసా ఉన్నా సౌదీ ప్రభుత్వ యాప్ నుసుక్‌లో రౌజా పర్మిట్ వస్తుంది.

విమానం: ఇండిగో 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ నుంచి మదీనాకి నేరుగా మొదలుపెట్టింది. వారంలో కొన్ని రోజులే, మీ తేదీలకి ఉందో లేదో చూసుకోండి. అది కుదరకపోతే జిద్దాలో దిగి హరమైన్ రైలు ఎక్కండి. మక్కా–మదీనా మధ్య 450 కిలోమీటర్ల లైను, 2018లో మొదలైంది, గంటకి 300 వేగం. జిద్దా ఎయిర్‌పోర్టులోనే స్టేషన్ ఉంది, సామాను లాక్కుంటూ నడిచి వెళ్లిపోవచ్చు. మదీనా స్టేషన్ మాత్రం మస్జిద్‌కి దగ్గర కాదు, అక్కడినుంచి బస్సో కారో పట్టాలి. టిక్కెట్టు ఆఖరి నిమిషంలో అడిగితే దొరకదు, ముఖ్యంగా గురువారం.

ఇంకో మాట. జనవరిలో సౌదీ బడులకి కూడా ఒక సెలవు వారం పడుతూ ఉంటుంది, తేదీలు ఏటా మారతాయి. అది మీ సంక్రాంతి మీదే పడితే రియాద్, జిద్దా కుటుంబాలన్నీ మదీనాలోనే ఉంటాయి. టిక్కెట్టు కొనేముందు ఆ క్యాలెండర్ ఒక్కసారి చూడండి.

#3 పాతబస్తీ_ఆపా

ఒక్కదానివే పోతున్నవా, మాషా అల్లాహ్. నేను గట్లనే పోయొచ్చిన. మదీనాల ఒంటరి ఆడదానికి భయం లేదు చెల్లె, అర్ధరాత్రి దాటినంక కూడా మస్జిద్ నుంచి రూముకి నడిచొచ్చిన. వీధులల్ల దుకాణాలు వెలుగుతనే ఉంటయ్, జనం తిరుగుతనే ఉంటరు.

హోటల్ ఉత్తరం దిక్కు తీసుకో. ఆడవాళ్ల నమాజు జాగాలు ఎక్కువ వెనుక భాగంల, అంటే ఉత్తరం వైపు ఉంటయ్. దక్షిణం వైపు, ఖిబ్లా (నమాజుకి తిరిగే) దిక్కు హోటల్ తీసుకుంటే పూటపూటకీ మస్జిద్ చుట్టూ తిరిగి రావాలె. ఏజెంట్లు "హరమ్‌కి (మస్జిద్‌కి) రెండొందల మీటర్లు" అంటరు, ఏ గేటుకి అని అడుగు. మగోళ్ల గేటుకి రెండొందల మీటర్లుంటే నీకేం లాభం?

మర్కజియా, అంటే మస్జిద్ చుట్టున్న హోటళ్ల జాగా, దాని లోపల రూము ఖరీదెక్కువ. కింగ్ ఫైసల్ రోడ్డు, అదే మొదటి రింగ్ రోడ్డు, దాటితే తగ్గుతది. కానీ ఆ రోడ్డు దాటి ఐదుసార్లు వచ్చుడు పోవుడు చెయ్యాలంటే మోకాళ్లు ఊకోవు. నీ సంగతి చూస్తే చిన్న రూమైనా లోపలే తీసుకో. కిటికీలకెల్లి మస్జిద్ గుంబద్ (గోపురం) కనిపించుడు ఎందుకు, ఎట్లా మస్జిద్‌లనే ఉంటవు కదా. ఆ పైసలు మిగుల్చుకో.

రౌజా గురించి: నుసుక్‌ల ఆడవాళ్లకి వేళలు వేరే. 2023 ఆఖరు నుంచి 365 రోజులకి ఒకసారే అని రూలు పెట్టిన్రు. మస్జిద్ దగ్గరల ఉన్నోళ్లకి అప్పటికప్పుడు ఇచ్చే స్లాట్లు కూడా యాప్‌ల తెరుస్తున్నరు, పగలు రెండుసార్లు చూస్తుండు. వీసా చేతికి రాంగనే యాప్‌ల ఖాతా తెరిచి స్లాటు పట్టుకో, మదీనా పోయినంక చూద్దామనుకోకు. నెలసరి లెక్క చూసుకుని తేదీ పెట్టుకో. ఇది ఏ ఏజెంటూ చెప్పడు.

#4 కడప_ఖలందర్

అమ్మా, మంచి ఆలోచన. కానీ వారం అంటే ఏడు దినాలు, ఏడైదులు ముప్పై ఐదు. ఎనిమిది దినాలు ఉండు తల్లీ, నలభై నమాజులు పూర్తవుతాయి. హజ్‌కి పోయే మనోళ్లకి మదీనాలో ఎనిమిది దినాలు ఇచ్చేది ఎందుకనుకుంటివి? ఒక్క పూట కూడా తప్పకుండా నలభై జమాతులు (అందరితో కలిసి చదివే నమాజులు) చదివితే ఎంత పుణ్యమో మా పెద్దోళ్లు చెప్పేవాళ్లు. అంత దూరం పోయి ఒక్క దినం తక్కువ చేసుకోవద్దు.

#5 మదీనా_పాత_విద్యార్థి

కడప చాచా మీద గౌరవంతోనే చెబుతున్నాను. ఆ నలభై నమాజుల హదీసు (ప్రవక్త మాట) ముస్నద్ అహ్మద్ గ్రంథంలో ఉంది, కానీ దాని సనద్ (ఎవరి నుంచి ఎవరు విన్నారన్న వరస) బలహీనమన్న ఉలమాలు (పండితులు) చాలామంది. సరే అన్నవాళ్లూ ఉన్నారు. ఎవరూ వాజిబ్ (తప్పనిసరి) అనలేదు. "నా మస్జిద్‌లో ఒక నమాజు, మస్జిదుల్ హరామ్ (మక్కా మస్జిద్) మినహా వేరే చోట వెయ్యి నమాజుల కంటే మేలు" అని ప్రవక్త (స) చెప్పిన హదీసు మీద మాత్రం ఎవరికీ పేచీ లేదు. కాబట్టి ఎన్ని పూటలు దొరికితే అన్ని.

ఎందుకు చెబుతున్నానంటే, నలభై లెక్క నెత్తిన పెట్టుకుని వచ్చినవాళ్లని చాలామందిని చూశాను. జ్వరం వచ్చినా పడుతూ లేస్తూ వస్తారు, ఒక్క జమాతు తప్పితే ఏడుస్తారు. మీరు వెళ్తున్నదే నెమ్మది కోసం. లెక్క విజయవాడలోనే వదిలేసి వెళ్లండి.

#6 కడప_ఖలందర్

సనద్ సంగతి నాకు తెలీదు నాయనా. మా అబ్బాజాన్ చేసినాడు, నేను చేస్తి. చేసినోనికి నష్టమైతే లేదు కదా?

#7 మోడరేటర్

ఇద్దరూ చెప్పాల్సింది చెప్పారు. హదీసు దర్జా గురించి ఇంకా మాట్లాడాలంటే ఫిఖ్‌హ్ (ధర్మశాస్త్రం) విభాగంలో వేరే దారం (చర్చ) తెరవండి. మధ్యలో ఒక ట్రావెల్స్ వారి ప్యాకేజీ ప్రకటన తీసేశాను. "5 రోజుల్లో 22 జియారత్‌లు (పవిత్ర స్థలాల సందర్శనలు)" అని ఈ దారంలో వేయడానికి ధైర్యం కావాలి.

#8 విజయవాడ_టీచర్

మోడరేటర్ గారూ 😄

అందరికీ జజాకల్లాహ్. చాచా, మీరు బాధపడకండి. సెలవు కుదిరితే ఎనిమిదో రోజు ఉంటాను, మీ మాట కోసమే.

జిద్దా తమ్ముడు చెప్పిన సెలవుల క్యాలెండర్ సంగతి నాకు తట్టనే లేదు, చూస్తాను. పాత విద్యార్థి గారూ, మీరు అక్కడ చదువుకున్నారు కదా. ఉన్నవాళ్లకి తెలిసిన వేళలు, మూలలు ఉంటాయి. మస్జిద్ ఎప్పుడు కాస్త ఖాళీగా ఉంటుంది? నమాజుకీ నమాజుకీ మధ్య మీరైతే ఏం చేస్తారు?

#9 మదీనా_పాత_విద్యార్థి

ఇస్లామిక్ యూనివర్సిటీలో చదివాను (1961లో పెట్టారు, మన దేశం పిల్లలు ఎప్పుడూ ఉంటారు). గురు, శుక్ర, శనివారాలు తప్పించుకుంటే ఊరు వేరేగా ఉంటుంది. వారాంతానికి జిద్దా, రియాద్ నుంచి కార్లు దిగుతాయి. ఆదివారం పొద్దున్నుంచి బుధవారం రాత్రి వరకు మీ అసలు వారం అనుకోండి. నేనైతే శనివారం దిగేలా పెట్టుకుంటాను.

జనవరిలో ఫజర్ (తెల్లవారుజాము నమాజు) ఐదుంముప్పావు దగ్గర, సూర్యోదయం ఏడు దాటాక. ఫజర్‌కి గంట ముందు తహజ్జుద్ (రాత్రి చివర ఇష్టపూర్వకంగా చదివే నమాజు) అజాన్ వినిపిస్తుంది, రెండు అజాన్‌లేమిటని కంగారుపడకండి. ఆ మొదటి అజాన్‌కే వెళ్తే నచ్చిన చోటు దొరుకుతుంది. ఫజర్ అయ్యాక జనం సగం మంది లేచిపోతారు. అక్కడి నుంచి ఎండ పొడ వచ్చేదాకా కదలకండి. ఆ గంటకి పైగా సమయం కోసమే మదీనా వెళ్లొచ్చు. ఖురాన్ చదివేవాళ్లు, గోడకి ఆనుకుని కునుకు తీసేవాళ్లు, జమ్‌జమ్ నీళ్ల డ్రమ్ముల దగ్గర గ్లాసులు సర్దే పనివాళ్లు. బయట ప్రాంగణంలో ఆ 250 పెద్ద గొడుగులు పొద్దున తెరుస్తారు, ఒకసారి ఆ వేళకి బయటికొచ్చి చూడండి. ఏ చప్పుడూ చేయకుండా మడతలు ఒక్కొక్కటే విప్పుకుంటాయి, పిల్లలు తలలెత్తి నిలబడిపోతారు. మస్జిద్ లోపల పైకప్పులో జరిగే గుంబద్‌లు 27 ఉన్నాయి. వాతావరణం బాగుంటే అవి పక్కకి జరిపి ఆకాశం చూపిస్తారు.

తర్వాత టిఫిన్, నిద్ర. నిద్ర తప్పనిసరి. పగలు పడుకోకుండా తహజ్జుద్‌కి లేవడం మూడో రోజుకల్లా బెడిసికొడుతుంది. తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా మస్జిద్‌లో మళ్లీ పలచగా ఉంటుంది. జొహర్ (మధ్యాహ్నం) నుంచి అసర్ (సాయంత్రం) నమాజు దాకా చదువుకోవడానికి బాగుంటుంది, మస్జిద్‌కి సొంత లైబ్రరీ ఉంది, ఆడవాళ్ల భాగం ఎటో పనివాళ్లని అడగండి. మగ్రిబ్ (పొద్దుగూకాక) నుంచి ఇషా (రాత్రి) నమాజు దాకా గంటన్నరే, జనం ఎక్కువ, ఆ రెంటి మధ్య రూముకి వెళ్లి రావాలని చూడకండి.

ఇంకొకటి చెప్పాలి. ఫర్జ్ (తప్పనిసరి) నమాజు ముగిసి సలాం తిప్పగానే సున్నత్ (అదనపు) నమాజుకి లేవకండి. దాదాపు ప్రతి పూటా మైకులో "అస్సలాతు అలల్ అమ్వాత్" అని వినిపిస్తుంది, అది జనాజా నమాజు, అంటే పోయినవాళ్ల కోసం చదివే నమాజు పిలుపు. ఆడవాళ్లూ చేరొచ్చు. నిలబడే నాలుగు తక్బీర్లు (అల్లాహు అక్బర్ అనడం), రుకూ (వంగడం), సజ్దా (సాష్టాంగం) లేవు. పిలుపులో చివరి మాట మారుతుంది, పోయింది మగవాడా, ఆడమనిషా, పిల్లా అన్నది అందులోనే తెలుస్తుంది. ఎవరో, ఏ దేశమో తెలియదు. అయిన వెంటనే మగవాళ్లు భుజాల మీద ఎత్తుకుని పక్కనే ఉన్న బఖీ ఖబరిస్తాన్‌కి పరుగులాంటి నడకతో తీసుకుపోతారు. ఆ నమాజు ఎలా చదవాలో ఇంట్లో ముందే చూసుకుని వెళ్లండి.

జియారత్‌ల మీద నా అభిప్రాయం: రోజుకి ఒకటి మించొద్దు, ఏదీ లేని రోజులు కనీసం సగం ఉండాలి.

#10 పాతబస్తీ_ఆపా

జనాజా సంగతి మంచిగ చెప్పినవ్ బాబూ. మా తెల్లాపూర్ చిన్నమ్మ మొదటిసారి పోయినప్పుడు రుకూకి వంగబోయిందట, పక్కామె చెయ్యి పట్టుకుని ఆపిందట.

చెల్లె, సోమవారం, గురువారం ఉపవాసం ఉండగలిగితే ఉండు. మగ్రిబ్‌కి ముందు లోపల సుఫ్రాలు పరుస్తరు, అంటే పొడుగు ప్లాస్టిక్ దస్తర్‌ఖాన్‌లు. ఆడవాళ్ల దిక్కు కూడా. అసర్ అయినంక ఎవరో ఒకామె వచ్చి నీ చెయ్యి పట్టుకుని "తఆలీ, తఆలీ" అని తన సుఫ్రా దిక్కు గుంజుకపోతది. ఎవరింటి సుఫ్రాల ఎక్కువ మంది రోజా ఇప్పితే వాళ్లకంత సంతోషం, పోటీ పడతరు. ఖర్జూరాలు, పెరుగు డబ్బా, రొట్టె, గహ్వా (అరబ్ కాఫీ). ఒక చిన్న పొట్లంల దుగ్గా అని మసాలా పొడి ఇస్తరు, జీలకర్ర ధనియాల వాసన వస్తది, పెరుగుల కలుపుకుని రొట్టె అద్దుకుని తినాలె. అజాన్ అయిన కాసేపటికే అంత పెద్ద సుఫ్రా చుట్టచుట్టి తీసేస్తరు, ఒక్క మెతుకు కింద కనిపించదు. ఒంటరిగున్నోళ్లకి పక్కన కూసోబెట్టుకునేటోళ్లు దొరికే జాగా అది. ఉర్దూ, అరబీ ఏం అక్కరలేదు, నవ్వితే చాలు.

#11 యాన్బూ_ఇంజనీర్

నేను ముస్లింని కాదు, అయినా ఈ దారం మొత్తం చదివేశాను. మా టీచరుగారి తరపు స్నేహితులు ఎవరైనా నాలాంటివాళ్లు "కలిసి వెళ్దాం" అంటే పనికొస్తుందని చెబుతున్నా. మా యాన్బూకి మదీనా రెండున్నర గంటల దారి. ఒకప్పుడు హైవే మీద ముస్లిమేతరులు వేరే దారిన పోవాలని పెద్ద బోర్డు ఉండేది. ఇప్పుడు బోర్డుల మీద హరమ్ హద్దు అని రాస్తున్నారు. ఊరి బయటి భాగాలు, ఎయిర్‌పోర్టు, రైల్వే స్టేషన్ వరకు మావాళ్లు వెళ్తారు, మస్జిద్ వైపు వెళ్లరు. నేను మా ఫోర్‌మన్‌ని స్టేషన్ దగ్గర దింపి తిరిగొచ్చేస్తుంటాను. వచ్చేటప్పుడు ఆయన అజ్వా ఖర్జూరం తెస్తాడు, అది నా కూలి.

మేడమ్, సిమ్ ఎయిర్‌పోర్టులోనే తీసుకోండి. నుసుక్, క్యాబ్ యాప్‌లు అన్నీ దాని మీదే ఆధారం.

#12 విజయవాడ_టీచర్

ఇంజనీర్ గారూ, సంతోషం. మీ కూలి బాగుంది.

తిండి సంగతి ఎవరూ చెప్పలేదు. రెండు పూటలా బిర్యానీ, మందీ (అరబ్ మాంసం అన్నం) నా వల్ల కాదు. గోంగూర పచ్చడి సీసా తీసుకెళ్లనా? జియారత్‌లలో ఏవి తప్పకుండా చూడాలో కూడా చెప్పండి. పోయినసారి బస్సు కిటికీలోంచి చూసినవి ఈసారి కాళ్ల మీద నిలబడి చూడాలని.

#13 జిద్దా_అకౌంటెంట్

పచ్చడి గట్టిగా ప్యాక్ చేసి లగేజీలో వేసుకోండి, చేతి బ్యాగులో వద్దు. మదీనాలో పాకిస్తానీ, బెంగాలీ హోటళ్లు సందుకొకటి, అన్నం, పప్పు, ఆకుకూర దొరుకుతాయి. కేరళ హోటల్ కనపడిందంటే దోసె ఉన్నట్టే. పొద్దున మాత్రం తమీజ్, ఫూల్ తినండి. తమీజ్ అంటే బండి చక్రమంత రొట్టె, అఫ్ఘాన్ వాళ్లు భట్టీలోంచి ఇనప కొక్కెంతో లాగి కాగితంలో చుట్టి ఇస్తారు, చేతులు కాలతాయి. ఫూల్ అంటే ఉడికించి మెదిపిన బాకలా (ఒక రకం చిక్కుడు) గింజలు, పైన నూనె, జీలకర్ర. ఒక రొట్టె ఒక్కరి వల్ల కాదు, సగం అడిగితే సగమూ ఇస్తారు. నమాజు వేళకి హరమ్ చుట్టుపక్కల దుకాణాలు మూసేస్తారు కాబట్టి అజాన్ ముందు లైన్లో నిలబడకండి.

ఎవరైనా దగ్గరికొచ్చి చక్కటి హిందీలో "బ్యాగు పోయింది, పిల్లలతో ఇరుక్కుపోయాం" అంటే కాస్త జాగ్రత్త. ఒంటరి ఆడవాళ్లనే ఎక్కువ ఆపుతారు. ఇవ్వాలనిపిస్తే చిల్లర ఇవ్వండి, పర్సు తెరిచి చూపించకండి.

#14 మదీనా_పాత_విద్యార్థి

మొదట ఖుబా మస్జిద్. శనివారం పొద్దున. ప్రవక్త (స) శనివారాల్లో అక్కడికి వెళ్లేవారు, ఒక్కోసారి నడిచి, ఒక్కోసారి సవారీ మీద. ఇంట్లో వుజూ (నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం) చేసుకుని వెళ్లి అక్కడ నమాజు చదివితే ఉమ్రా అంత పుణ్యమని హదీసు, అందుకే రూములోనే వుజూ చేసుకుని బయల్దేరండి. మస్జిదె నబవీ నుంచి మూడున్నర కిలోమీటర్లు, మొత్తం పాదచారుల దారి వేశారు. కాళ్లు నొప్పెడితే బ్యాటరీ బళ్లు ఉన్నాయి. ఫజర్ తర్వాత ఇష్రాక్ (సూర్యుడు పొడిచాక చదివే నమాజు) చదివి నడక మొదలుపెడితే ఎండ ఎక్కకముందే చేరిపోతారు. దారిలో కాఫీ కొట్లు, బెంచీలు. వెళ్లేటప్పుడు నడవండి, వచ్చేటప్పుడు బండి ఎక్కండి.

ఉహుద్ ఇంకో రోజు, అసర్‌కి ముందు. మస్జిద్‌కి ఉత్తరాన ఐదు కిలోమీటర్లు. హిజ్రీ 3లో, అంటే 625లో యుద్ధం జరిగింది అక్కడే. హజ్రత్ హమ్జా సహా డెబ్బైమంది షహీదుల ఖబరిస్తాన్ ఉంది. ఎదురుగా చిన్న గుట్ట, విలుకాళ్ల గుట్ట. యాభైమందిని ప్రవక్త (స) అక్కడ నిలబెట్టి, ఏం జరిగినా కదలొద్దని చెప్పారు. గెలిచామనుకుని ఎక్కువమంది కిందికి దిగారు, వెనక నుంచి శత్రువుల గుర్రాలొచ్చాయి. గ్రూపులు గుట్టెక్కి సెల్ఫీలు తీసుకుని దిగిపోతాయి. మీరు గుట్టెక్కక్కర్లేదు, కింద నీడలో నిలబడి గుట్టకీ కొండకీ మధ్య ఎంత దూరం ఉందో చూడండి. వాళ్లు ఎందుకు దిగారో, ఖాళీ ఎక్కడ ఏర్పడిందో ఏ గైడూ చెప్పనక్కర్లేకుండా అర్థమవుతుంది.

మీరు టీచరు కాబట్టి ఇంకో చోటు చెబుతాను, బస్సులు ఆగవు. అంబరియాలో పాత హిజాజ్ రైల్వే స్టేషన్. డమాస్కస్ నుంచి 1300 కిలోమీటర్ల లైను, ఉస్మానియా సుల్తాన్ రెండో అబ్దుల్ హమీద్ వేయించాడు, 1908లో మదీనా చేరింది. హాజీల కోసం చందాలతో కట్టారు, మన దేశం నుంచి కూడా ఆ చందాలు వెళ్లాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పట్టాలు పేల్చారు, ఆ తర్వాత లైను కోలుకోలేదు. నల్లరాతి భవనం, పక్కనే ఉస్మానీ మస్జిద్. మర్కజియా నుంచి నడిచే దూరమే.

మస్జిద్‌ని ఆనుకుని ప్రవక్త (స) జీవితం మీద మ్యూజియం ఉంది. వర్షం పడితేనో నెలసరి రోజుల్లోనో అది పనికొస్తుంది. ఖిబ్లతైన్ మస్జిద్, ఏడు మస్జిద్‌లు సిటీ బస్సులోనే చూసిరావచ్చు, చూడకపోయినా నష్టం లేదు. తబూక్ రోడ్డులో ఖురాన్ ముద్రణాలయం ఉంది, 1984లో మొదలైంది, తెలుగు అనువాదం కూడా అక్కడ అచ్చవుతుంది. ఆడవాళ్ల సందర్శన వేళ హోటల్ వాళ్లతో ఫోన్ చేయించి కనుక్కుని వెళ్లండి.

"వాదీ జిన్ను చూపిస్తా, కారు దానంతటదే ఎక్కుతుంది" అని టాక్సీవాళ్లు వెంటపడతారు. అది కంటి భ్రమ, డబ్బులు దండగ.

#15 కడప_ఖలందర్

బఖీ మర్చిపోయినావే. ఆడోళ్లని లోపలికి పంపరమ్మా, బయట కమ్మీల దగ్గర నిలబడి సలాం చెప్పు. మగోళ్లకి ఫజర్, అసర్ తర్వాత తెరుస్తారు. మీ తమ్ముడో కొడుకో పోయేటప్పుడు చెప్పు.

#16 విజయవాడ_టీచర్

చెబుతాను చాచా.

ఇప్పటికి అనుకున్నది ఇది. శనివారం దిగి, ఆ రాత్రి ఏమీ పెట్టుకోను. రౌజా స్లాటు సోమ, మంగళవారాల్లో చూస్తాను. ఉహుద్ ఒక సాయంత్రం, హిజాజ్ స్టేషన్ ఒక పొద్దు. ఖుబా ఆఖరి శనివారం పొద్దున, అదే రోజు రాత్రి విమానం. మిగతా రోజులు ఖాళీ. సోమవారం, గురువారం రోజా. చాచా, శనివారం నుంచి శనివారం అంటే మీ ఎనిమిది దినాలు దాదాపు వచ్చినట్టే.

ఒంటరిగా రౌజాలోకి వెళ్తే చెప్పులు, ఫోన్, బ్యాగు ఎవరికివ్వాలి? ఎప్పుడూ ఎవరో ఒకరు పట్టుకునేవాళ్లు ఉండేవారు.

#17 పాతబస్తీ_ఆపా

ఎవరికీ ఇయ్యకు. గుడ్డ సంచి ఒకటి కుట్టుకుపో, చెప్పులు అందులేసి భుజానికి తగిలించుకో. గేటు బయట చెప్పుల అర ఉంటది కానీ రౌజాకి ఒక దిక్కున పంపి ఇంకో దిక్కున బయటికి తీస్తరు. మళ్లీ చెప్పుల కోసం చుట్టూ తిరిగిరావాలె. ఫోన్ల పర్మిట్ బార్‌కోడ్ అడుగుతరు కాబట్టి చార్జింగ్ నింపుకుని పో. స్లాటు టైముకి అరగంట ముందే క్యూల నిలబడు. గుంపులు గుంపులుగా కూసోబెట్టి పంపుతరు, ఒక గుంపులకెల్లి లేచి ముందుకి ఉరకకు. లోపల పది పదిహేను నిమిషాలే. రెండు రకాతుల నమాజు చదివి, ఏమేం అడగాలో ముందే రాసుకుపోయిన కాగితం తీసి చూసుకుంట దుఆ చెయ్యి. లోపల అడుగు పెట్టినంక ఒక్కటీ గుర్తుకు రాదు, నా మాట విను.

జనవరిల ఫజర్‌కి చలి మస్తుంటది. ప్రాంగణంల పాలరాయి మంచులెక్క కాళ్లకి తగులుతది. మేజోళ్లు, శాలువ పెట్టుకో.

#18 జిద్దా_అకౌంటెంట్

అక్కా, విమానం శనివారం రాత్రి అన్నారు కదా, హోటల్ చెకౌట్ మధ్యాహ్నమే అయిపోతుంది. సామాను రిసెప్షన్లో పెట్టించుకోమని ముందే మాట్లాడుకోండి, లేదా ఒక పూట ఎక్కువ కట్టండి. ఖుబా నడిచొచ్చి పడుకోవడానికి చోటు లేకపోతే కష్టం. మెనింజైటిస్ టీకా నియమం కూడా ఆ సీజన్‌కి ఏముందో వీసా కట్టేటప్పుడే అడగండి.

#19 గుంటూరు_కొత్తసభ్యుడు

సలాం. నేను కూడా ఇలాగే ప్రశాంతంగా ఒక వారం అనుకుంటున్నాను. రంజాన్ ఆఖరి పది రోజుల్లో వెళ్తే ఎలా ఉంటుంది?

#20 మదీనా_పాత_విద్యార్థి

ఆ పది రోజుల్లో మస్జిద్ పైకప్పు మీద కూడా నిలబడే చోటు కోసం వెతుక్కుంటారు. హోటల్ అద్దెలు మామూలు రోజులతో పోల్చుకోలేం. ఇబాదత్ (ఆరాధన) కోసమైతే నిక్షేపంగా వెళ్లండి. ప్రశాంతత అడిగారు కాబట్టి చెబుతున్నా, హజ్ ముగిసి హాజీలు వెనక్కి వెళ్లాక వచ్చే వారాలు చూడండి. ఎండ గట్టిగా ఉంటే 43, 44 డిగ్రీలు, అయినా మస్జిద్ లోపల ఏసీ. జులై, ఆగస్టుల్లో అయితే రుతబ్ వస్తుంది, ఇంకా ఎండని తడి ఖర్జూరం. దాని కోసమైనా ఎండ భరించొచ్చు.

#21 మోడరేటర్

గుంటూరు సోదరా, వేసవి మదీనా మీద వేరే దారం తెరవండి, అక్కడ అందరూ వస్తారు. ఈ దారం టీచరుగారు తిరిగొచ్చి రాసేదాకా తెరిచే ఉంచుతున్నాను.